అడవి గబ్బిలములు, బయలు గబ్బిలములు

భూమిపై జీవించు స్తన్యజంతువుల జాతులలో ఇంచుమించు ఐదవవంతు గబ్బిలములే. ఎలుకలు, ఉడుతలు మొదలగు కొఱుకుజంతువుల తరువాత జాతిసంఖ్యలో ద్వితీయస్థానము వీనిదే. శాస్త్రజ్ఞులు నామకరణము చేసిన జాతులు 1400 దాటినవి, ఒక్క భారతదేశముననే సుమారు 130 కలవు. శీతలప్రదేశముల నుండి భూమధ్యరేఖవైపు వచ్చుకొలదియు ఈ సంఖ్య క్రమముగా పెరుగుచు ఉష్ణమండలమున పరాకాష్ఠ నందుకొనును. ఇంతవఱకు వాదమునకు తావు లేదు. వాదమంతయు ఉష్ణమండలమున ప్రవేశించిన పిమ్మట మొదలగును. ఏలయన అచ్చట ఒకవంక, కొమ్మకు కొమ్మ తగిలి ఆకాశము కానరాని వర్షారణ్యములును, వేఱొకవంక, నడుమెత్తు గడ్డిలో చెట్లు ఎడమెడముగా నిలిచి, వేసవిలో కార్చిచ్చుకు మాడి, తొలకరితో మరల పచ్చబడు సవన్నా బయళ్ళును ప్రక్కప్రక్కనే యున్నవి. ఈ రెంటిలో గబ్బిలముల వైవిధ్యమునకు పుట్టినిల్లేది యని యడిగిన, అడవియే యని వెంటనే చెప్పుట పరిపాటి. ఆ సమాధానమున సగము సత్యము కలదు. తక్కిన సగము మనము చేతబట్టిన పరికరములు కల్పించిన భ్రాంతి యనియు, నిజమైన సమృద్ధి అడవిని గాని బయలును గాని ఒంటిగా నాశ్రయింపక ఆ రెంటి పొత్తును ఆశ్రయించియున్నదనియు, గత యేబదియేండ్ల పరిశీలనలను వరుసగా చదివిన వారికి తోపక మానదు. ఈ వ్యాసమున నేను నిరూపింప యత్నించునదియు అదియే.

మొదట అడవిపక్షమున చెప్పవలసినదంతయు చెప్పుట న్యాయము. దక్షిణ అమెరికా ఈశాన్యభాగమున ఫ్రెంచి గయానాలోని పారకూ అను అరణ్యస్థలమున నాన్సీ సిమన్స్, రాబర్ట్ వాస్ అనువారు వలలు పన్ని, రాత్రులు కాచి, 1998లో ప్రకటించిన గ్రంథమున 78 జాతులను నమోదు చేసిరి. గయానా దేశపు ఇవొక్రామా అరణ్యమున బర్టన్ లిమ్, మార్క్ ఎంగ్‌స్ట్రోమ్ అనువారు 2001 నాటికి లెక్కించినవి 86. పనామా కాలువ కొఱకు చాగ్రెస్ నదికి ఆనకట్ట వేయగా ఏర్పడిన గాటున్ సరస్సులో, మునిగిన కొండకు శిఖరము మాత్రము దీవియై మిగిలి, 1923 నుండి పరిశోధకులకు ఆశ్రయమైన బారో కొలరాడో, పదునాఱు చదరపు కిలోమీటర్లకు మించని చిన్ననేల, 70కి పైగా జాతులకు నెలవు. హిమాలయము మొదలు కన్యాకుమారి వఱకు మన దేశమంతటను దొరకు జాతుల సంఖ్యలో సగమునకు మించినది, ఒక మండలమంతయైన లేని ఆ దీవిలో ఇమిడియున్నదనిన, వర్షారణ్యముల కీర్తి ఊరక వచ్చినది కాదని యొప్పుకొనక తప్పదు.

దీనికి కారణము లేమి? అడవి యనునది ఒక నేల కాదు, ఒకదానిపై నొకటి పేర్చిన పలు అంతస్తుల నివాసము. నేలనంటిన పొదలలో ఎగురునది వేఱు, కొమ్మల నడిమి సందులలో తిరుగునది వేఱు, శిఖరపత్రములపైన స్వేచ్ఛగా విహరించునది వేఱు. అడవిలో ఏడాది పొడుగున ఏదో యొక చెట్టు పండ్లతో నుండును గనుక ఫలములనే నమ్ముకొని బ్రతుకు జాతులకు కఱవు రాదు. అమెరికా ఖండమున మాత్రమే యున్న ఫిల్లోస్టొమిడ్ కుటుంబము ఈ యవకాశమును వినియోగించుకొన్నట్లు స్తన్యజంతువులలో మఱియే కుటుంబమును వినియోగించుకొనలేదు. రెండు వందలకు పైగా జాతులు గల ఆ యొక్క కుటుంబములోనే మేడిపండ్లు తినునవి, మిరియపుజాతి పొదల కంకులు తినునవి, పొడవైన నాలుకతో పూదేనె గ్రోలునవి, పురుగులు పట్టునవి, నిదురించు పక్షులను చంపునవి, తుదకు రక్తముపైననే జీవించు మూడు జాతులును చేరియున్నవి. అందొకటి, ట్రాకోప్స్ అనునది, నీటిగుంటలలో మగకప్పలు ఆడకప్పలను పిలుచు కూతను విని, ఆ కూతపైననే దిగి కప్పను పట్టుకొనునని మెర్లిన్ టటిల్, మైకేల్ రయన్ అను పరిశోధకులు 1981లో నిరూపించిరి. కప్పకు ప్రణయగీతమే ప్రాణాంతకమగు ఈ వృత్తాంతమును చదివినప్పుడు, ఆహారభేదము జాతిభేదమున కెంత దూరము దారి తీయునో తెలియుచున్నది.

అయినను నా మనస్సు నెక్కువగా నాకర్షించునది ఆహారము కంటె వసతి. గబ్బిలము తన జీవితకాలమున సగమునకు పైగా వ్రేలాడియే గడుపును. కాబట్టి వ్రేలాడుటకు చోటు దొరకనిచోట ఎంత మేత యున్నను ఆ జాతి నిలువదు. అడవి యిచ్చు వసతుల వైచిత్ర్యము అపారము. మధ్య అమెరికాలోని ఎక్టోఫిల్లా అను చిట్టి తెల్లగబ్బిలము, హెలికోనియా ఆకుల ఈనెలను కొఱికి ఆకును రెండువైపుల క్రిందికి వంచి గుడారము చేసికొని, పది గ్రాములైన తూగని దేహములతో నాలుగైదు కలిసి దాని క్రింద అంటుకొని పగలెల్ల నుండును. థైరోప్టెరా అనునది ఇంకను విప్పుకొనని ఆకుచుట్టలో ప్రవేశించి, మణికట్టులందును మడమలందును గల చూషకములతో ఆ నున్నని గోడను పట్టుకొనును. లోఫోస్టోమా మగది, చెట్లపైనున్న సజీవమైన చెదపురుగుల గూటిని క్రిందినుండి దంతములతో తొలిచి గది కట్టి, ఆ గదిచేతనే ఆడువానిని రప్పించుకొనును. ఆసియా అడవులలో టైలోనిక్టెరిస్ అను చదునుతల గబ్బిలము, పురుగు తొలిచిన సన్నని చీలికగుండ వెదురు కణుపులోనికి దూరి నివసించును. బోర్నియో ద్వీపమున కెరివౌలా హార్డ్‌వికీ అనునది కీటకాహారియగు నెపెంతిస్ తీగ కూజాలో పగలు నిదురించి, తన పెంటతో ఆ తీగకు ఎరువు సమకూర్చుచుండును. ఇన్ని తీరుల గదులుగల మేడలో ఇందఱు కాపురముండుట వింత కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పైన చెప్పిన పెద్దసంఖ్యలన్నియు అమెరికా అడవులవి. ఆఫ్రికాలోను ఆసియాలోను ఫిల్లోస్టొమిడ్లు లేవు. అచ్చట పండ్లు తినునవన్నియు మన మఱ్ఱిచెట్లపై వ్రేలాడు పెద్ద గబ్బిలములకు బంధువులగు వేఱొక కుటుంబము. మలేషియాలోని క్రావ్ అభయారణ్యమున టైగా కింగ్‌స్టన్ మొదలగువారు గుర్తించిన 60కి పైగా జాతులలో అత్యధికభాగము పురుగులు తినునవే, అందును దట్టమైన పొదలలో ఎగురగల లాడముక్కు, ఆకుముక్కు మొదలగు గబ్బిలములే. ఒకే జాతి యని యనుకొన్న ద్వివర్ణపు ఆకుముక్కు గబ్బిలము, ఒక గుంపు 131 కిలోహెర్ట్‌జ్ వద్దను మఱియొక గుంపు 142 కిలోహెర్ట్‌జ్ వద్దను అఱచుచుండుటచే, నిజముగా రెండు జాతులని వారు 2001లో తేల్చిరి. ఆకారమున కవలలై కంఠమున మాత్రము వేఱుపడిన ఇట్టివి ఆఫ్రికాలో ఇంకను పెక్కు గలవని జన్యుపరీక్షలు సూచించుచున్నవి. కాబట్టి "అడవి" యను నొక్క మాట క్రింద మూడు ఖండములను చేర్చి తీర్పు చెప్పుట సాహసము.

ఇక పరికరముల మాట. పందొమ్మిదివందల యేబదుల నాటివఱకు గబ్బిలములను తుపాకితో కొట్టియో, గుహలలో పగలు పట్టుకొనియో లెక్కించుచుండిరి. అటుపిమ్మట, పక్షులకై జపానులో అల్లిన సన్ననిదారపు వలలు ఈ పనికి వచ్చినవి. 1958లో డెన్నీ కాన్‌స్టంటైన్, నిలువుతీగలు వీణవలె బిగించిన చట్రమును కల్పింపగా, 1974లో టటిల్ దానిని రెండు వరుసల తీగలతో సంస్కరించెను. వలయు, చట్రమును రెండును నేలనుండి మూడు నాలుగు మీటర్ల యెత్తువఱకే కాచును. అడవిలో త్రోవకు అడ్డముగా వల కట్టిన, ఇరువైపుల పొదలు గబ్బిలమును దానిలోనికే త్రోయును. పైగా ఫిల్లోస్టొమిడ్లు మెల్లగా గుసగుసలాడినట్లు అఱచు స్వభావము గలవి గనుక వలదారమును దూరమునుండి పసిగట్టలేక చిక్కుకొనును. బయలులోనో, వలకు ప్రక్కన దారి యెల్లెడల తెఱచియే యుండును. అచ్చటి జాతులు వలకు పదిరెట్ల యెత్తున ఎగిరిపోవును. మోకాలిలోతున వల వేసి, ఆ చెఱువు నడిమడుగున చేపలు లేవని జాలరి చెప్పిన నెట్లుండునో, సవన్నాలో గబ్బిలములు తక్కువయని పూర్వులు వ్రాసిన వ్రాతలలో పెక్కింటి బలము అంతియే.

గబ్బిలము చీకటిలో చెవితో చూచునని ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లంజానీ 1793లో ప్రారంభించిన ప్రయోగములే సూచించినను, ఆ రహస్యము విప్పుటకు నూటనలువదియేండ్లకు పైగా పట్టెను. హార్వర్డులో విద్యార్థిగా నుండిన డొనాల్డ్ గ్రిఫిన్, 1938లో ఆచార్య పియర్స్ నిర్మించిన యంత్రము ముందు గబ్బిలములను పట్టి చూపగా, మనుష్యుని చెవి కందని వాని యఱపులు మొట్టమొదటిసారి వినబడెను. ఆ యంత్రపు మనుమలే నేడు చెట్టుకు కట్టి విడిచిన రాత్రియంతయు తమంత తామే ధ్వనులను నమోదు చేయు చిన్న పెట్టెలు. 2008లో మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పమున క్రిస్టినా మాక్స్వీనీ తోడివారితో చేసిన పరిశీలనలో, వలలకు ఎన్నడును చిక్కని ఆకాశచారులగు జాతులు ఈ యంత్రములకు దొరకి, ప్రాంతపు పట్టిక గణనీయముగా పెరిగెను. అయితే యంత్రమును సర్వజ్ఞమని నమ్మినను పొరపాటే. నూఱు కిలోహెర్ట్‌జ్ దాటిన లాడముక్కు, ఆకుముక్కు జాతుల యఱపు కొద్ది మీటర్లలోనే గాలిలో కలిసిపోవును. ఫిల్లోస్టొమిడ్ల గుసగుసయు అట్లే త్వరగా అణగారును. వల అడవికి పక్షపాతి, యంత్రము బయలికి పక్షపాతి. రెంటిని చేర్చి వాడక చేసిన పోలిక యేదియు ఈ ప్రశ్నకు ప్రమాణము కాజాలదని నా నిశ్చితాభిప్రాయము.

పరికరదోషమును సవరించిన పిమ్మట బయలు గబ్బిలముల స్వరూపము మనకు కొంత స్పష్టపడును. రెక్క వెడల్పుగా నుండి దేహము తేలికయైనది, మెల్లగా మలుపులు తిరుగుచు కొమ్మల నడుమ ఎగురగలదు. రెక్క సన్ననై పొడవై దేహము బరువైనది, వేగముగా నేరుగా పోగలదే గాని పొదలో దూరిన చిక్కుకొనును. ఉల్లా నార్‌బెర్గ్, జెరెమీ రేనర్ అనువారు 1987లో ఈ సూత్రమును గణితశాస్త్రరీత్యా విస్తరింపగా, అదే సంవత్సరమున ఆల్‌డ్రిడ్జ్, రౌటెన్‌బాక్ అనువారు దక్షిణాఫ్రికాలోని క్రూగర్ ఉద్యానమున, సవన్నాలో కూడి జీవించు కీటకభక్షకములను పరీక్షించి, రెక్క తీరును అఱపు తీరును ఒకదానితో నొకటి సరిపోలి, ఆ జతను బట్టియే ఏ జాతి యెచ్చట వేటాడునో నిర్ణయింపవచ్చునని చూపిరి. ఆ యుద్యానమున దట్టమైన చోట్ల తిరుగునవి, చెట్ల యంచున తిరుగునవి, నడి యాకాశమున తిరుగునవి యని మూడు వర్గములును కలవు. అనగా సవన్నా యనునది ఒకే అంతస్తు గల యిల్లు కాదు. అందు చెట్టున్నది, అంచున్నది, ఆకాశమున్నది. తోక బయటికి పొడుచుకొనియుండు వేగచారి జాతులకు ఆ యాకాశమే స్వస్థానము. అవి వర్షారణ్యముపైన కూడ ఎగురును గాని, అడవిలోపల వానికి చోటు లేదు.

వసతుల విషయమునను బయలు మనము తలచినంత దరిద్రము కాదు. ఆఫ్రికా సవన్నాలలో చీలికముఖపు గబ్బిలములు, ఆర్డ్‌వార్క్ అను చీమలుతిను జంతువు త్రవ్వి విడిచిన బొఱియలలో పగలు తలదాచుకొనును. గిజిగాడి జాతి పిట్టలు విడిచిపెట్టిన గూళ్ళలో కెరివౌలా జాతులు కాపురము చేయును. పసుపురెక్కల లావియా యనునది, గబ్బిలములలో అరుదైన యాచారముతో, ఆలుమగలు జంటగా ఒక తుమ్మచెట్టును తమదిగా నేర్పఱచుకొని, కొమ్మకు వ్రేలాడుచు, దాటిపోవు పురుగును ఎగిరి పట్టి మరల కొమ్మకే వచ్చును. వేల యేండ్లు బ్రతుకగల బావొబాబ్ చెట్ల తొఱ్ఱలును, ఎండకు పగిలిన నల్లఱాతి గుట్టల చీలికలును సరేసరి. కొఱత గలది నీటికి. అరా మొనాజెమ్, ఏప్రిల్ రిసైడ్ అనువారు 2008లో దక్షిణాఫ్రికా ప్రాంతపు సవన్నాలను పరీక్షించి, ఏటిగట్ల వెంబడి పెరిగిన వృక్షపంక్తులలో గబ్బిలముల జాతులును, సంఖ్యయు మెండుగా నుండుటను కనుగొనిరి. ఎండకాలమున చుట్టు బయలంతయు మాడినను, ఆ గట్టున నీడయు నీరును పురుగును నిలిచియుండును. సవన్నా వైవిధ్యమునకు ఆయువుపట్టు ఆ సన్నని పచ్చని గీతయే.

బ్రెజిల్ దేశపు సెరాడో ఇరువదిలక్షల చదరపు కిలోమీటర్ల సవన్నా. అచ్చట నూటికి పైగా గబ్బిలజాతులు నమోదైనవి. 1983లో నామకరణమైన లోంకోఫిల్లా డెకీసెరీ అను పూదేనె గబ్బిలము దాని సొత్తు. సున్నపుఱాతి గుహలు కూలిన దానికి వేఱు దిక్కు లేదు. అదే దేశపు ఈశాన్యమున మైకేల్ విలిగ్, సెరాడోను, ముండ్లపొదల కటింగాను పోల్చి ఎనుబదులలో ప్రకటించిన పరిశోధనలు, ఎండినభూముల గబ్బిలములను శ్రద్ధగా పట్టించుకొన్న తొలి కృషులలోనివి. బొలీవియాలోని బేని బయళ్ళలో, వానకాలమున గడ్డియంతయు నీట మునుగగా మిట్టలపై మాత్రము మిగిలిన తోపుల నడుమ, లూయిస్ అగిర్రే 2002లో ప్రకటించిన పరిశీలనయు చదువదగినది.

ఇన్నిటిలో ఈ ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది పశ్చిమాఫ్రికాలో జరిగిన కృషి. కోట్ దివ్వార్ దేశపు ఉత్తరభాగమున, కొమోయే నదికి ఇరుదెసల 11,500 చదరపు కిలోమీటర్లు వ్యాపించి, 1983లో యునెస్కో ప్రపంచవారసత్వపట్టికలో చేరిన కొమోయే జాతీయోద్యానమున్నది. అందు సవన్నాయే యధికము. ఐనను ఏటివెంబడి అడవియు, నడుమ నడుమ దీవులవలె విడిపోయిన తోపులును కలవు. యాకోబ్ ఫార్, ఎలిజబెత్ కాల్కో అను జర్మను పరిశోధకులు ఈ ప్రాంతపు గబ్బిలసమూహములను చిన్న తావు మొదలు పెద్ద ప్రదేశము వఱకు పలు కొలతలలో పోల్చి, 2011లో తమ నిర్ణయమును ప్రకటించిరి: అడవియు సవన్నాయు కలియు సంధిప్రదేశములే వైవిధ్యకేంద్రములు. పర్యావరణశాస్త్రజ్ఞులు వైవిధ్యమును మూడు విధములుగా గణింతురు. ఒక్క చోట నున్న జాతులెన్ని యనునది మొదటిది. ఒక చోటినుండి వేఱొక చోటికి పోవునప్పుడు జాతులెంతగా మాఱుననునది రెండవది. ప్రాంతమంతట కూడి యెన్ని యనునది మూడవది. కేవల వర్షారణ్యమున మొదటిది గొప్పగా నుండవచ్చును, కాని అడవి చివఱివఱకు ఒకే తీరున నున్నచోట రెండవది సన్నగిల్లును. సంధిలోనో, నదీతీరము దాటి రెండడుగులు వేసిన జాతులు మాఱును, గుట్టయెక్కిన మరల మాఱును. అడవిజాతులును బయలుజాతులును రెండును పట్టికకెక్కుటచే మూడవదియు పెరుగును. "అడవియా? బయలా?" యను ప్రశ్నయే సరిగా వేయబడలేదని ఈ పరిశోధన తెలుపుచున్నది. కాల్కో తన జీవితమున అధికభాగము పనామా దీవియందలి అడవి గబ్బిలములకే ధారపోసిన విదుషి. అట్టి యామె ఆఫ్రికా బయళ్ళకు వచ్చి ఈ మాట చెప్పుటచే దానికి గౌరవము హెచ్చినది. అదే 2011లో, నలువదితొమ్మిదవయేట, టాంజానియాలో కిలిమంజారో పర్వతసానువున పరిశోధనలో నుండగా ఆమె దేహము చాలించెను.

స్థలమును గూర్చి యింత చెప్పి కాలమును మఱచిన సమీక్ష అసంపూర్ణమగును. గబ్బిలము ఒక్కచోట పాతుకొన్న చెట్టు కాదు. డొనాల్డ్ థామస్ 1983లో, కోట్ దివ్వార్ లోని మూడు ఫలభక్షక జాతులు వానలు మొదలైనంతనే అడవిని విడిచి ఉత్తరపు సవన్నాకు వలసపోయి, వానలు తగ్గగానే మరలివచ్చునని నిరూపించెను. వీనిని అడవిపట్టికలో వేయవలెనా, బయలుపట్టికలోనా? ఆ మూడింటిలో నొకటియగు ఐడోలాన్, గడ్డిరంగు మెడగల పెద్ద గబ్బిలము, ప్రతియేట అక్టోబరు నెలాఖరునుండి డిసెంబరు వఱకు జాంబియాలోని కసాంకా ఉద్యానమున లక్షలాదిగా గుమిగూడును. పగలంతయు అవి నిలుచునది ముషితు అని స్థానికులు పిలుచు చిన్న చిత్తడియడవి. రాత్రి మేయునది చుట్టును దిగంతములవఱకు పఱచుకొన్న మియోంబో బయలడవులలోని అడవిపండ్లను. వసతి అడవిది, భోజనము బయలిది. ఏదొకటి లేకున్నను ఆ మహాసమూహము లేదు. ఈ జాతియే ఒక్క రాత్రిలో మ్రింగిన గింజలను 75 కిలోమీటర్ల దూరమువఱకు చేర్పగలదని ఘానాలో జరిగిన పరిశోధన తేల్చినది. అనగా అడవి తన విత్తనములను బయలిలోనికి పంపుకొను వాహనము గబ్బిలమే. బయలులో రాత్రి విచ్చు బావొబాబ్ పూవునకు పుప్పొడి మోయునదియు గబ్బిలమే.

అడవిని ముక్కలు చేసినప్పుడేమగునో తెలుపు పరిశీలనలును ఇదే తీర్పును బలపఱచుచున్నవి. గాటున్ సరస్సులోని చిన్నదీవులలో క్రిస్టోఫ్ మేయర్, కాల్కో కలసి 2008లో ప్రకటించిన లెక్కలలో, ఒడ్డునకు దూరమైనకొలదియు జాతులు తఱిగిపోయెను. కాని 2014లో చేజ్ మెండెన్‌హాల్ తన సహచరులతో, ఆ దీవులను కోస్టారికాలో కాఫీతోటల నడుమ మిగిలిన అడవిముక్కలతో పోల్చి చూడగా, తోటల నడిమి ముక్కలు అంతగా నష్టపోలేదని తేలెను. ఏలయన నీరు గబ్బిలమునకు శూన్యము. చెట్లు చెదరియున్న నేల శూన్యము కాదు. మన పడమటి కనుమలలోని వాల్పారై పీఠభూమిలో క్లేర్ వర్డ్‌లీ చేసిన పరిశీలనలలోను, దేశీయవృక్షముల నీడన పెంచిన కాఫీతోటలును, ఏటివెంబడి మిగిల్చిన అడవిపట్టీలును గబ్బిలములకు చాలవఱకు నిలువనీడయైనవి, తేయాకుతోటలు కాలేదు.

ఈ చర్చకు తెలుగునేలతో నిజమైన సంబంధమున్నది. జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ మొదలగువారు 2016లో, ఆసియాలో ఎండుటడవులని మనము పిలుచు భూములలో పెక్కు, చెట్ల క్రింద గడ్డి పెరుగు సవన్నాలేయనియు, అవి మానవుడు అడవిని నఱుకుటచే పుట్టినవి కాక లక్షలయేండ్ల ప్రాచీనత గలవనియు వాదించిరి. నల్లమల వాలులు, రాయలసీమ చిట్టడవులు, తెలంగాణపు ఱాతిగుట్టల నడిమి బయళ్ళు ఈ వర్ణనకు దూరములు కావు. ఇప్పచెట్టునే చూడుడు. రాత్రి విచ్చి వేకువన రాలు దాని తియ్యని పూవులపై గబ్బిలములు మూగి పరాగమును మార్చును. ఆ రాలిన పూవునే అదిలాబాదు గోండులు ఏరుకొని తిందురు, అమ్ముదురు. మన ఱాతికోటలలో, పాడుబడిన గుళ్ళలో, దిగుడుబావులలో పగలు వ్రేలాడి, రాత్రి పొలములపై పురుగులు తినునవన్నియు బయలు గబ్బిలములే. అయినను ప్రభుత్వపట్టికలలో ఇట్టి నేల పేరు బంజరు, నిరుపయోగభూమి. ఫలభక్షక గబ్బిలములను 1972 వన్యప్రాణిరక్షణచట్టము కాకులతోను ఎలుకలతోను చేర్చి పీడకజంతువుల పట్టికలో నుంచెను. యేబదియేండ్లకు, 2022 సవరణతో గాని ఆ పట్టిక తొలగలేదు.

ఈ నిర్లక్ష్యమెంత దూరము పోగలదో తెలియుటకు, చిత్తూరు సరిహద్దున తెలుగువారు విరివిగా నున్న కోలారు జిల్లాకు పోయిన చాలును. అచ్చటి హనుమనహళ్ళి గ్రామపు గుహలలో దొరకిన యొక ఆకుముక్కు గబ్బిలమునకు డీటర్ కాక్, హెచ్. ఆర్. భట్ అనువారు 1994లో హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్ అని పేరు పెట్టిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు ఇరువదియేండ్ల పిమ్మట వెదకగా, అది ప్రపంచమంతట ఆ యొక్క గ్రామమున, రెండు వందలకు లోపు సంఖ్యలో మాత్రమే మిగిలియుండెను. చుట్టు నల్లఱాతి క్వారీలు. పేలుడుమందు అదరుల నడుమ ఒక జాతి సర్వస్వమును నిలిచియున్నది. అటుపిమ్మట ఆ గుహల చుట్టు నేలను కర్ణాటక ప్రభుత్వము రక్షితప్రదేశముగా ప్రకటించుట సంతోషకరము. ఇది వర్షారణ్యపు జీవి కాదని పాఠకులు గమనింపవలెను. ఎండిన బయలులో, ఒక ఱాతిగుట్టలో, ఇంతకాలము ఎవ్వరును చూడని జాతి యుండగలిగిన, చూడని గుట్టలింక నెన్ని యున్నవో?

కావున నా విన్నపము మూడు తావులకు. మన విశ్వవిద్యాలయముల జంతుశాస్త్రశాఖలు వల, తీగచట్రము, ధ్వనియంత్రము మూడింటిని కూర్చి, ఎండకాలము వానకాలము అను భేదము లేక ఏడాది పొడుగున, నల్లమల అడవితో పాటు దాని చుట్టునున్న బయళ్ళను, వాగుగట్లను, గుట్టలను లెక్కింపవలెను; ఒక్క కాలపు ఒక్క వల లెక్కలతో పట్టికలు అచ్చువేయుట మానవలెను. అటవీశాఖలు పచ్చదనము పేరిట గడ్డిబయళ్ళలో నీలగిరి, తుమ్మ మొక్కలు వరుసలుగా నాటించుట ఆపి, ఆ సొమ్మును వాగుల గట్లపై నున్న పాతచెట్ల రక్షణకు వెచ్చింపవలెను. గుట్టకు క్వారీ యనుమతి నిచ్చుటకు ముందు దాని గుహలను ఒక రాత్రి పరీక్షింపించుట ప్రభుత్వమున కేమంత భారము కాదు. ఇక పాఠకులకు: మీ యూరి చింతపైనో మఱ్ఱిపైనో తరతరములుగా గబ్బిలములు వ్రేలాడుచున్న యెడల, రోగభయముచేత గాని అపశకునమను నమ్మకముచేత గాని దానిని కొట్టింపకుడు, కొట్టింపబూనిన వారిని వారింపుడు, ఆ చెట్టెక్కడ నున్నదో మీ జిల్లా అటవీ కార్యాలయమునకు వ్రాసి తెలుపుడు.